గంగమ్మ వాటా

చేతిలో రంగు మిగిలితే మా నాన్న ఊరుకోడు. ఏటా వానలు వెనకబట్టి సముద్రం నెమ్మదించాక డోంగీని ఇసుక మీదికి లాగి, పాత రంగు గీకి, కొత్తగా నీలం పూసి, ముక్కు దగ్గర ఎర్ర రంగుతో రిజిస్ట్రేషన్ నంబరు వేస్తాడు. డోంగీ అంటే ఇంజను బిగించిన చెక్క పడవ. ఇక్కడ తెలుగువాళ్లం, బెంగాలీలు, తమిళులు అందరం దాన్ని అలాగే అంటాం. నంబరు వేశాక డబ్బా అడుగున కాస్తో కూస్తో ఎరుపు మిగులుతుంది కదా, ఆయన అసలు పని అప్పుడు మొదలవుతుంది. తెడ్లు, వల బెండ్లు, ఐసు పెట్టె, నీళ్ల డబ్బాలు, కూర్చునే పీట, ఏది దొరికితే దాని మీద అదే నంబరు. ఒక ఏడాది నేను డ్యూటీకి పట్టుకెళ్లే టిఫిన్ డబ్బా మీద కూడా వేసేశాడు. అక్షరం ముక్క రాని మనిషికి ఆ అంకెలు మాత్రం కళ్లు మూసుకుని వేయడం వచ్చు.

ఇది ఆయన ఒక్కడి పిచ్చి అనుకునేరు. మా పేటలో అందరిదీ ఇదే వరస. జెట్టీ మీద పది పడవల సామాను కలిసిపోతుంది. నంబరుంటే ఎవరిది వారికి తిరిగి వస్తుంది, తగువుండదు. చీపురు మీద తప్ప ఇంట్లో అన్నింటి మీదా నంబర్లే.

ఆ నంబరే ఒకనాడు మా కొంప ముంచింది.

మా పేట అండమాన్ దీవుల ఉత్తరపు కొసన, డిగ్లీపూర్ దాటాక సముద్రపు ఒడ్డున ఉంది. నాన్న పదిహేడో ఏట శ్రీకాకుళం వైపు తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తమ్ముడు ఆయనతో కలిసి వేటకి వెళ్తాడు. నేను ఇక్కడి ఆసుపత్రిలో నర్సుని. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను, ఆ తర్వాతంతా హిందీయే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడానికి కూడా ఒకటికి రెండుసార్లు కొట్టివేతలు పడుతున్నాయి. నాకు నోరెక్కువని, నాన్నని గదమాయిస్తానని పేటలో పేరుంది. అందులో అబద్ధమేమీ లేదు.

నాన్న తన ఊరి నుంచి తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. వాళ్ల తీరంలో పడవలు ఆగే చోట గంగమ్మ రాయి ఉండేదట, దాని పక్కన ఎప్పుడూ ఒక కుండెడు నీళ్లు మూతపెట్టి ఉంచేవారట. ఎవరు ఏ వేళప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చినా ముందు ఆ నీళ్లు తాగాలి, ఏ ఊరు, ఎవరి మనిషి అన్న మాటలు ఆ తర్వాతే. దాన్ని గంగమ్మ వాటా అనేవారట. నాన్న ఆ వాటాని ఇక్కడికి తెచ్చి, ఇంకా ఉత్తరానికి మోసుకుపోయాడు.

వాళ్లు వేటకి వెళ్లే దారిలో మనుషులు లేని చిన్న దీవి ఒకటుంది. చుట్టూ ఇసుక, మధ్యలో అడవి, ఒక పక్క మడ చెట్లు. మంచినీళ్లు మాత్రం చుక్క లేవు. వానాకాలంలో రాళ్ల గుంటల్లో నిలిచిన నీళ్లు కొత్త సంవత్సరం వచ్చేసరికి ఎండిపోతాయి. అక్కడ ఒడ్డున సముద్రం మీదికి వంగిన బాదం చెట్టు ఉంది. సీజను మొదట్లో నాన్న ఆ చెట్టు కింద దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇరవై లీటర్ల డబ్బాతో నీళ్లు, మూత బిగిసిన డబ్బాలో బియ్యం, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె పెట్టి వచ్చేవాడు. ఎలుకలకి, పీతలకి అందకుండా బియ్యం డబ్బాని కొమ్మకి వేలాడగట్టేవాడు. తర్వాత అటు వెళ్లినప్పుడల్లా చూసి, తగ్గితే నింపేవాడు.

తగ్గుతూనే ఉండేది. చిన్నప్పుడు నేను అడిగేదాన్ని, ఎవరు తాగుతున్నారు నాన్నా అని.

"గంగమ్మ సుట్టాలు" అనేవాడు.

ఆ చుట్టాలు ఎవరో పేటలో అందరికీ తెలుసు. బర్మావాళ్లు. మాకు పోర్ట్ బ్లెయిర్ కంటే వాళ్ల దేశపు దీవులే దగ్గర. సముద్రం అడుగున దోసకాయ ఆకారంలో మెత్తగా పాకే ఒక ప్రాణి ఉంటుంది. దాని కోసం, గుల్లల కోసం వాళ్లు సరిహద్దు దాటి వచ్చి మునుగుతారు. మేము దాన్ని తినం, ముట్టుకోం. ఎక్కడో దూర దేశాల్లో దానికి గిరాకీ అట. వాళ్లు చేసేది తప్పే, కాదనను. ఒకసారి మా వల కూడా కోసుకుపోయారు. తమ్ముడికి వాళ్ల పేరెత్తితే ఒళ్లు మండేది. వల పోయిన వారమే నాన్న డబ్బా నింపడానికి వెళ్తే వాడు పడవలోంచి దిగకుండా మూతి ముడుచుకుని కూర్చున్నాడట.

వాళ్లు కూడా ఉత్త చేతుల్తో తాగిపోయేవాళ్లు కాదు. ఒకసారి చెట్టు కింద వెదురు టోపీ వదిలిపెట్టారు. ఇంకోసారి పాలపొడి కలిపిన టీ పొడి ప్యాకెట్లు నాలుగు, కొమ్మకి కట్టి. ప్యాకెట్ మీద రాత గుండ్రంగా, ఉంగరాలు పేర్చినట్టు ఉంది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు.

"మన రాతే కాదేటే? సదువు" అన్నాడు.

నేను నిజంగానే చదవబోయాను. ఒక్క అక్షరం కూడా పలకలేదు. టీ మాత్రం బాగుంది. తమ్ముడు కూడా రెండు గ్లాసులు తాగాడు, ఎక్కడిదో తెలిసి కూడా.

ఆ తర్వాత మా వైపు ఫౌజీలు పెరిగారు. జెట్టీ దగ్గర వాళ్ల కాపలా పోస్టు వచ్చింది, కొండ మీద రాడార్ వచ్చింది, గస్తీ బోట్లు వచ్చాయి. పైన విమానం తిరగడం మొదలైంది. మా వాళ్లందరికీ ఫొటో, వేలిముద్రలతో కార్డులిచ్చారు. వెళ్లేటప్పుడు చూపించాలి, వచ్చేటప్పుడు చూపించాలి. నిజం చెప్పాలంటే మేము సంతోషించాం. ఇంజను పాడై నడి సముద్రంలో చిక్కుకుంటే వైర్‌లెస్‌లో చెబితే వచ్చి లాక్కొస్తున్నారు. పేటలో ఎవరికి పురుడొచ్చినా వాళ్ల జీపు అడిగితే కాదనలేదు. తమ్ముడైతే ఇక బర్మావాళ్ల పీడ విరగడైందని మిఠాయి పంచినంత పని చేశాడు.

పీడ విరగడ కాలేదు, దాని తీరు మారింది. మునుపు వాళ్లు పెద్ద బోటులో వచ్చి, దీవి పక్కన లంగరు వేసి, వండుకుని తిని, మునిగి, వెళ్లిపోయేవాళ్లు. దూరం నుంచి వాళ్ల పొయ్యి పొగ మా వాళ్లకి కనిపించేది. ఇప్పుడు పెద్ద బోటు మబ్బు పట్టిన రోజు చూసుకుని వచ్చి, నలుగురైదుగురిని ఏదో ఒక దీవి మీద దించేసి వెళ్లిపోతుంది. పది పదిహేను రోజుల తర్వాత వచ్చి ఎక్కించుకుంటుంది. ఈలోగా వీళ్లు పొయ్యి వెలిగించరు, పగలు మడ చెట్ల మధ్య మొసళ్లుండే పాయల్లో దాక్కుంటారు. పెద్ద బోటు గస్తీకి చిక్కితే వీళ్ల సంగతి ఇక అంతే. బోటు పట్టుబడిందని దీవి మీద వాళ్లకి తెలియదు. దీవి మీద మనుషులున్నారని చెబితే శిక్ష ఇంకా పెరుగుతుందని బోటువాళ్లు నోరు విప్పరు.

నాన్న ఇవన్నీ నీళ్ల డబ్బాని చూసి కనిపెట్టాడు. "మునుపు మనిసి కనపడీవోడు, నీళ్లు తగ్గీవి. ఇప్పుడు నీళ్లే తగ్గుతన్నాయి, మనిసి కనపడ్డం లేదు. బియ్యం ముట్టుకోడం లేదు సూడు. పొయ్యెట్టుకోడానికి బయమేమో" అన్నాడొకరోజు అన్నం తింటూ. నేను పట్టించుకోలేదు.

ఒక జనవరిలో డబ్బాకి డబ్బాయే మాయమైంది. నాన్న కాసేపు గొణిగి, ఇంకో డబ్బా పెట్టి వచ్చాడు. రెండు వారాలు గడిచాక పోస్టు నుంచి తమ్ముడికి ఫోను వచ్చింది, మీ నాన్నని తీసుకుని రమ్మని. ఎందుకో చెప్పలేదు. కానీ నాలుగు రోజుల ముందే బర్మా బోటొకటి పట్టుబడిందని, అందులో సామానంతా జెట్టీ మీద పరిచారని పేటంతా అనుకుంటున్నారు. నాకు వెంటనే అర్థమైంది. నాన్న స్నానానికి వెళ్లగానే గోడకి తగిలించిన వెదురు టోపీ తీసి పొయ్యిలో పెట్టాను. దాచుకున్న టీ ప్యాకెట్ కాగితాలు కూడా వేశాను. వెదురు కదా, పెద్దగా చిటపటలాడింది. నాన్న తల తుడుచుకుంటూ వచ్చి పొయ్యిలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు.

పోస్టుకి ముగ్గురం వెళ్లాం. అక్కడి ఆఫీసరు నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. లేచి నాన్నకి కుర్చీ చూపించి, "బైఠియే బాబా" అన్నాడు. బల్ల మీద మా డబ్బా ఉంది. మూతకి కట్టిన తాడు కూడా మాదే. ఎర్ర నంబరు ఊరందరికీ కనిపించేలా మా వైపు తిరిగి ఉంది.

"యే డబ్బా ఆప్‌కా హై?" అని అడిగాడు.

అప్పుడు మా నాన్న చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన మొహం వెలిగిపోయింది. తప్పిపోయిన సామాను నంబరు చూసి తిరిగిచ్చేస్తున్నారని అనుకున్నాడు. మా పేటలో నంబరున్నది అందుకే కదా.

"ఓలమ్మా, మన డబ్బా దొరికీసిందే!" అని నాతో అని, ఆఫీసరు వైపు తిరిగి, "హా సాబ్! మేరా హై. నంబర్ దేఖో, మేరా హీ హై" అంటూ లేచి, డబ్బా చంకన పెట్టుకోబోయాడు.

పక్కనున్న ఫౌజీ ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

ఇది పరాయి దేశపు దొంగ బోటులోకి ఎలా వెళ్లిందని ఆఫీసరు అడిగాడు. నాన్న దాచలేదు. దాచాల్సిన విషయమని ఆయనకి తోచనే లేదు. తన హిందీలో గంగమ్మ రాయి దగ్గర్నుంచి మొదలుపెట్టి బాదం చెట్టు దాకా చెప్పాడు, ఎవరొస్తే వారికని చెప్పాడు. ఆఫీసరు రాస్తూ రాస్తూ ఆగిపోయి నా వైపు చూశాడు. ఇది పూజ, సర్, మా ఆచారం అని నేను అడ్డుపడ్డాను.

"పూజా కే లియే బీస్ లీటర్, సిస్టర్?" అన్నాడు, పూజకి ఇరవై లీటర్లా అని.

తర్వాత కలం పక్కన పెట్టి మాట్లాడాడు. బర్మావాళ్లు ఆ దీవి మీద పదిహేను రోజులు ఉండగలుగుతున్నారంటే అక్కడ నీళ్లు దొరకబట్టే. నీళ్లు లేకపోతే రెండో రోజే వెళ్లిపోతారు, అసలు రారు. మేము ఎండలో వానలో తిరిగి కాపలా కాయడం, మీరు వెనక నుంచి నీళ్లు మోయడం, ఇదెలా కుదురుతుందమ్మా అని అడిగాడు. ఈసారికి పూజ అని రాసి వదిలేస్తానని, ఇంకోసారి దొరికితే వేట పర్మిట్ పోతుందని, కేసు కూడా తప్పదని చెప్పాడు. టీ తెప్పించాడు. డబ్బా మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక తమ్ముడు బద్దలైపోయాడు. "నాన్నా, పర్మిట్ గయా తో సబ్ గయా. పిల్లలకి ఏటెడతాను నాను? నీకు అర్తమవుతందా?"

"దాహం ఏసినోడిని నీది ఏ దేసమని అడుగుతామేటిరా?" అన్నాడు నాన్న.

నేను ఊరుకోవలసింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? "రేపు పడవ లాక్కుంటే నీ గంగమ్మ వచ్చి వీడి పిల్లల్ని సాకుతుందా? నా ఉద్యోగం కూడా పోతే అప్పుడు మనం పోయి ఆ చెట్టు కింద కూర్చుందామా?" అన్నాను. ఆయన చెయ్యి లాగి నా తల మీద పెట్టుకుని, ఆ చెట్టు దగ్గర ఇక ఏమీ పెట్టనని ఒట్టు వేయించాను. ఒట్టు వేసేటప్పుడు ఆయన చెయ్యి బరువుగా ఉంది. నా మొహం వైపు చూడలేదు.

అక్కడితో ఆగానా, లేదు. రెండో డబ్బా ఇంకా చెట్టు కిందే ఉంది, దాని మీదా నంబరుంది. ఈయన్ని నమ్మడానికి లేదని, ఆదివారం సెలవు చూసుకుని నేనే పడవెక్కాను. పోస్టులో చెప్పే వెళ్లాం. దీవి దగ్గర తమ్ముడు పడవ పట్టుకుని నిలబడ్డాడు, నాన్న దిగనన్నాడు. మోకాలి లోతు నీళ్లలో నడిచి నేను ఒక్కదాన్నే చెట్టు దగ్గరికి వెళ్లాను. డబ్బా నిండుగా ఉంది. బియ్యం డబ్బా విప్పి భుజానికి తగిలించుకున్నాను. నీళ్ల డబ్బా ఎత్తబోతే కదల్లేదు. ఇరవై లీటర్లు. అందుకని మూత తీసి ఒంపేశాను. ఇసుక ఎంతసేపు తాగుతుంది, కళ్లు మూసి తెరిచేలోగా తడి మచ్చ మిగిలింది. ఖాళీ డబ్బా ఊపుకుంటూ వచ్చి పడవెక్కాను.

ఇంటికి వచ్చాక నాకు హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఆ తర్వాత నాన్న వేటకి వెళ్లిన ప్రతిసారీ ఆ దీవి ఎదురుగా రాగానే ఒక గ్లాసు మంచినీళ్లు సముద్రంలో ఒంపుతున్నాడని తమ్ముడు చెప్పాడు. నాకు చిర్రెత్తింది. "సముద్రంలో నీళ్లు పోస్తే ఎవరు తాగుతారు నాన్నా?" అన్నాను.

"నాకేటి తెలుసు. ఒట్టు సెట్టు కాడికే గదేటే, సంద్రం కాడికి కాదు" అన్నాడు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, ఓపీ అయిపోయి మేము అన్నాలకి లేస్తుంటే గస్తీవాళ్ల జీపు ఆసుపత్రిలోకి వచ్చింది. వెనక అంబులెన్సు. దీవి మీద నలుగురు బర్మావాళ్లు దొరికారు. ఇద్దరు ప్రాణాలతో, ఇద్దరు గుడ్డలో చుట్టి. ప్రాణంతో ఉన్న ఇద్దరిలో ఒకతనికి స్పృహ లేదు. సెలైన్ పెట్టి అప్పటికప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కి పంపేశారు. రెండో అతను నా వార్డులో మిగిలాడు. నా వయసువాడే. నాలుక ఎండి బిగుసుకుపోయి నోరు మూతపడటం లేదు. కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టుకుని వదిలితే అలాగే నిలబడింది. సూది గుచ్చడానికి నరం దొరక్క మూడుసార్లు గుచ్చాను. నొప్పికి మూలగడానికి కూడా అతనికి ఓపిక లేదు.

ఏ దీవి అని నేను అడగలేదు. అడగాలని లేదు.

వార్డు గుమ్మం దగ్గర ఒక ఫౌజీ కాపలా ఉన్నాడు. గుడ్డలో చుట్టిన వాళ్లని మోసింది అతనేనట. నేను టీ ఇస్తే తీసుకున్నాడు గానీ తాగలేదు. తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. "దీదీ, ఆ దీవి పక్క నుంచి మేం మూడుసార్లు వెళ్లాం. మా బోటులో తాగే నీళ్లు బోలెడున్నాయి. ఒక్కడు ఒడ్డుకొచ్చి చెయ్యి ఊపినా ఆపేవాళ్లం. మా బోటు చప్పుడు విని లోపలికి పరిగెత్తి దాక్కున్నారు దీదీ. ప్యాసే మర్ గయే, లేకిన్ బాహర్ నహీ ఆయే." దాహంతో చచ్చారు గానీ బయటికి రాలేదు అంటూ అతను మొహం రుద్దుకున్నాడు. నేను అతన్ని ఏమనగలను? అతను తన పని తాను చేశాడు. జైలు భయంతో దాక్కున్నవాళ్లనీ ఏమీ అనలేను. వాళ్ల పెద్ద బోటు అంతకుముందే గస్తీకి భయపడి వెనక్కి తిరిగి వెళ్లిపోయిందట.

మర్నాటికి మంచం మీది మనిషి కళ్లు తెరిచాడు. చెమ్చాతో కొద్దికొద్దిగా నీళ్లు పట్టాను. ఒకేసారి గ్లాసు లాక్కోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. నీళ్లు చేతికందే చోట పెట్టుకుని దాహం వేసినవాడికి ఇవ్వకుండా ఆపడం నా ఉద్యోగంలో భాగం. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాను.

పదకొండు గంటలకి పోలీసులు మాయాబందర్ నుంచి కరెన్ అనే జాతికి చెందిన ఒక పెద్దాయనని తీసుకొచ్చారు. వాళ్ల తాతముత్తాతలు బర్మా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, ఆయనకి ఆ భాష వచ్చు. పేరు, ఊరు, బోటు ఎవరిది, ఎన్ని రోజులు, కాగితం మీదున్న ప్రశ్నలన్నీ అడిగి హిందీలో చెప్పాడు. పోలీసులు రాసుకుని బయటికి వెళ్లారు. ఆయన వెళ్లబోతుంటే మంచం మీద మనిషి ఆయన చొక్కా పట్టుకుని ఏదో అడిగాడు. గొంతు సరిగా లేదు. చేత్తో గాలిలో ఏదో వంపు తిరిగిన ఆకారం గీశాడు.

"ఏమంటున్నాడు అంకుల్?" అన్నాను.

"ఏదో వంగిన చెట్టు గురించి చెబుతున్నాడు, సిస్టర్. ఆ చెట్టు కింద ఎప్పుడూ నీళ్లుండేవట. ఎర్ర రాతలున్న డబ్బా. బోటువాడు ఎక్కడ దిగుతారని అడిగితే వీళ్లే ఆ దీవి పేరు చెప్పారట, నీళ్లుంటాయని. పక్క దీవిలో వాగు ఉందట గానీ అటు గస్తీ ఎక్కువని, ఈ డబ్బాని నమ్ముకుని ఇక్కడ దిగారట."

నేను సెలైన్ బాటిల్ వైపు చూశాను. చుక్కలు సరిగానే పడుతున్నాయి. అయినా సరిచేశాను.

అతను మళ్లీ ఏదో అడిగాడు. ఈసారి నా వైపు చూసి అడిగాడు.

"నీళ్లు పెట్టే మనిషి చనిపోయాడా అని అడుగుతున్నాడు" అన్నాడు పెద్దాయన. "పాపం, అతనికేమైందోనని వీళ్లు అక్కడ మాట్లాడుకున్నారట."

బతికే ఉన్నాడని చెప్పండి అన్నాను. పెద్దాయన నా వైపు కాస్త వింతగా చూసి, చెప్పాడు. ఆ మనిషి ఎండిన పెదాలతోనే నవ్వబోయాడు. రెండు చేతులూ దగ్గరికి తేబోయాడు, ఒక చేతికి సూది ఉంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆలోచించి ఇంకో మాట అన్నాడు. పెద్దాయన దాన్ని హిందీలో చెప్పలేదు.

"ఉండనివ్వండి సిస్టర్" అన్నాడు.

"చెప్పండి అంకుల్."

"మరి నీళ్లెందుకు పెట్టలేదు అంటున్నాడు."

గుమ్మంలో కాపలా ఫౌజీ నిలబడి ఉన్నాడు. బయట పోలీసుల మాటలు వినిపిస్తున్నాయి. తమ్ముడి పర్మిట్, వాడి పిల్లలు, నా ఒంటి మీది తెల్ల కోటు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నేనే ఒంపేశానని చెప్పాలని నోటి దాకా వచ్చింది. నోరున్నదాన్నని నాకు పేరు కదా, అంత అవసరమైన చోట ఆ నోరు పనికి రాలేదు. తెలియదని చెప్పండి అన్నాను. పెద్దాయన చెప్పాడు. అతను కళ్లు మూసుకున్నాడు. సిగ్గుతో నాకు ఒళ్లంతా మండిపోయింది. ఎవరి మీదో కోపం కూడా వచ్చింది. ఎవరి మీదని వెతుక్కుంటే ఒక్క మనిషీ దొరకలేదు, నేను తప్ప.

మూడో రోజు అతన్ని తీసుకెళ్లిపోయారు. జైలుకో, క్యాంపుకో మాకు చెప్పరు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నాన్న పెరట్లో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఇద్దరు పోయారన్న సంగతి పేటంతా తెలుసు. ఏ దీవి అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. నేను కాళ్లు కడుక్కుంటుంటే ఆయన సూది ఆపాడు.

"ఎక్కడ దొరికినారట?"

"తెలీదు నాన్నా. చెప్పలేదు."

"ఆ ఉన్నోడు నీళ్లు తాగినాడా?"

"తాగాడు."

"నీ సేత్తోనేనా?"

"నా చేత్తోనే."

ఆయన తలూపాడు. మళ్లీ వల మీదికి వంగి, నన్ను ఓదారుస్తున్నట్టుగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు. "మన దీవిలో అయ్యుండదులే. డబ్బా తీసీసి రెండు నెల్లు దాటిపోనాది. అక్కడ నీళ్లు లేవని ఆళ్లకి ఈపాటికి తెలిసిపోయుంతాది. అటెల్లరు."

"అవును నాన్నా, వెళ్లరు" అన్నాను.